రువైస్ మట్టిలో పది చుట్లు

ఖతర్ నుంచి వచ్చి నెల దాటింది. పెట్టె ఇంకా సగమే విప్పాను. మిగతా సగంలో మట్టి కొట్టుకుపోయిన బట్టలున్నాయని తెలుసు, వాటిని ముట్టుకునే ఓపిక రాలేదు. "అక్కడ ఏం చూశారు?" అని అడిగినవాళ్ళకి ఏం చెప్పాలో తోచక "ఎండ, గాలి, మట్టి" అని ఊరుకుంటున్నాను. ఒక్కొక్కరికీ చెప్పేకంటే ఒకసారి కూర్చుని రాయడమే నయమనిపించింది.

మా ఆయన చలపతికి విజయవాడ ఆటోనగర్‌లో ఇంజన్లు రీబోరింగ్ చేసే షాపుంది. యాభై ఆరేళ్ళ మనిషి. సంపాదనలో సగం, ఆదివారాలు మొత్తం ఒక చిన్న రేసు కారుకి పోస్తారు. దాన్ని చూసినవాళ్ళు ముందు నవ్వుతారు. చక్రాల మీద రేకులుండవు, తలుపులుండవు. మోటార్ సైకిల్ ఇంజను, చుట్టూ ఇనప గొట్టాల పంజరం, ఒక్క సీటు. పైనుంచి కాళ్ళు పెట్టి దిగి కూర్చోవాలి. గుండ్రటి మట్టి దారిలో ఎప్పుడూ ఎడమవైపే తిరుగుతూ, మలుపుల్లో వెనక చక్రాలు పక్కకి జారుతూ పోతుంది. మా ఊరి బయట, పాత ఇటుక బట్టీల నేలని చదును చేసి, పది పన్నెండు మంది పిచ్చివాళ్ళు ఒక ట్రాక్ చేసుకున్నారు. నీళ్ళు కొట్టిన మట్టిని గట్టిపరచడానికి పందెం ముందు బండ్లని నెమ్మదిగా తిప్పాలి. ఆ తిప్పే పని చాలా ఏళ్ళుగా నాదే. ఆడవాళ్ళ పందెం పెట్టినప్పుడు రెండు మూడుసార్లు నిజంగానే పోటీకి దిగాను కూడా. పెద్దగా వెలగబెట్టింది లేదు.

ఖతర్‌లో ఒక క్లబ్బు వాళ్ళు బయటి దేశాల బండ్లని పిలిచారు. చలపతిగారి బండి ఓడెక్కి ముందే వెళ్ళిపోయింది. వెనకాల మేము.

విమానంలో ఆయన నిద్రపోతుంటే పందెం రూల్స్ పుస్తకం నేను చదివాను. ప్రతి బండికీ ఇద్దరు డ్రైవర్ల పేర్లు ఇవ్వాలి. మొదటివాడు నడపలేకపోతే రెండోవాడు నడపొచ్చు, కానీ అందరికంటే వెనక నుంచి మొదలెట్టాలి. పందెం అయ్యాక బండి నేరుగా కాటా మీదికి వెళ్ళాలి, మధ్యలో ఎవరూ ముట్టుకోకూడదు. మనిషితో కలిపి బరువు తక్కువైతే పందెం చెల్లదు. బరువు కలుపుకోవచ్చు, అయితే దాన్ని బోల్టులతో బిగించి తెల్లరంగు వెయ్యాలి. ఒక్క పందెంలో కూడా బయల్దేరని బండిని మరుసటి ఏడాది పిలవరు. మా బండికి రెండో పేరు నాదే. పేరు ఖాళీగా ఉంచకూడదు కాబట్టి రాశాం, అంతకుమించి ఇద్దరం ఆలోచించలేదు.

అల్ అజీజియా

ఆయన పెట్టె వచ్చింది, నాది రాలేదు. విమానాశ్రయంలో కౌంటర్ల మధ్య తిరిగి తిరిగి బయటికొచ్చేసరికి మాకోసం వచ్చిన డ్రైవరు స్తంభానికి ఆనుకుని కునుకు తీస్తున్నాడు. పేరు రెడ్డెయ్య, రాయచోటి వైపు మనిషి. క్లబ్బులో పెద్దాయన అబూ ఖాలిద్ ఇంట్లో కారు నడుపుతాడు.

"పెట్టె రాలేదా అక్కా? వస్తాదిలే. నాది ఒకసారి వారం పట్టింది. అంతవరకూ మా అరబ్బాయన బట్టలే కట్టుకుని తిరిగినా," అని నవ్వాడు.

అజీజియాలో మాకు ఇచ్చిన గది చిన్నది, ఏసీ మాత్రం పెద్దది. దాన్ని తగ్గించడం ఎలాగో తెలియక ఆ రాత్రి ఇద్దరం దుప్పట్లు తలదాకా కప్పుకున్నాం. పొద్దున్నే ఆయన తలనొప్పి అన్నారు. చలికే అనుకున్నాం.

నేను ఆయన టీషర్టు వేసుకుని, మీద చున్నీలా తువ్వాలు కప్పుకుని, దువ్వెన, సబ్బు కొనడానికి కింద దుకాణానికి వెళ్ళాను. అక్కడ ఒకావిడ ములక్కాడలు ఏరుతూ కనబడింది. ధర చూసి నేను తెలుగులోనే "అమ్మో" అన్నాను. మా రైతుబజార్లో ఆ డబ్బుకి సంచీడు వస్తాయి. ఆవిడ చటుక్కున తిరిగింది.

"మన తెలుగేనాండి? మాది నర్సాపురం దగ్గరండి. రమణమ్మంటారు. ఈ ఎదర విల్లాలోనే వంట పని. తమరూ పనికే వచ్చేరా?"

"కాదమ్మా, కారు పందేనికి."

"గుర్రప్పందెంలాగాండి?"

ఫోనులో బండి బొమ్మ చూపించాను. చాలాసేపు చూసింది. "దీనికి తొడుగు ఏదండి? వానొస్తే ఎలా?" అంది. వాన వస్తే పందెమే ఉండదన్నాను. గెలిస్తే ఏమిస్తారని అడిగింది. కప్పిస్తారంటే "ఇంత దూరం వచ్చి కప్పాండి!" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ సాయంత్రం వాచ్‌మన్ చేతికి గోంగూర పచ్చడి సీసా ఇచ్చి వెళ్ళిందట. ఆ మూడు రోజులూ ఆయన సరిగ్గా తిన్నదల్లా ఆ పచ్చడీ, రెడ్డెయ్య తెచ్చిన రొట్టెలే.

ముఐథర్

మర్నాడు ముఐథర్‌లో అబూ ఖాలిద్ ఇంటికి వెళ్ళాం. ఎత్తు ప్రహరీ, లోపల ఖర్జూరపు చెట్లు, వెనక ఒక పెద్ద షెడ్డు. బయటి దేశాల బండ్లన్నీ అక్కడే దించారు. మా బండి మీద సముద్రపు ఉప్పు తెల్లగా పేరుకుంది. చలపతిగారు పలకరింపులు కూడా లేకుండా దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చుని గుడ్డతో గొలుసు తుడవడం మొదలెట్టారు.

అబూ ఖాలిద్‌కి అరవై దాటి ఉంటాయి. హిందీ ధారాళంగా మాట్లాడతాడు. నా పేరు అడగలేదు, పిల్లలెంతమంది అని అడిగాడు. ఒక్కతే కూతురు, లహరి అన్నాను. "అయితే మీరు ఉమ్ లహరి," అన్నాడు. లహరి అమ్మ అని అర్థం. అక్కడ మర్యాద అది. మన వైపు ఫలానావారి అబ్బాయి, ఫలానావారి కోడలు అంటాం. పిల్ల పేరుతో పిలిపించుకోవడం నాకు కొత్తగా, కాస్త బాగా కూడా అనిపించింది.

తివాచీ మీద కూర్చోబెట్టి యాలకుల కాఫీ పోశారు. మన కాఫీ కాదు, పచ్చగా, చక్కెర లేకుండా ఉంటుంది. గిన్నె చిన్నదే కదా అని తాగాను. మళ్ళీ పోశారు. ఖాళీ గిన్నె కింద పెడితే మళ్ళీ పోశారు. వద్దనడం అమర్యాదేమోనని ఎన్నిసార్లు తాగానో. చివరికి గుమ్మంలోంచి చూస్తున్న రెడ్డెయ్యే జాలిపడి, "అక్కా, గిన్నె అట్లా ఇట్లా ఊపాల. లేకుంటే తెల్లారిందాకా పోస్తానే ఉంటారు," అన్నాడు.

ఆ రోజంతా బండి పనే. నేను స్పానర్లు అందిస్తూ, మాటిమాటికీ ఆయన మొహం చూస్తూ ఉన్నాను. కణతలు నొక్కుకుంటున్నారు.

"బీపీ మాత్రలు వేసుకుంటున్నారా?"

"వేసుకుంటున్నాలే, ఆ నట్టు పట్టుకో."

వేసుకోవడం లేదని తర్వాత తెలిసింది. అవి వేసుకుంటే చేతులు మందంగా ఉంటాయట, స్టీరింగు తెలియదట. ప్రయాణానికి ముందు నుంచే మానేశారు.

ఉత్తరం దారి

శుక్రవారం పొద్దున్నే ఉత్తరానికి బయల్దేరాం. బండి ట్రక్కులో ముందుపోయింది. దారి తిన్నగా, విశాలంగా, ఎక్కడా గుంట లేకుండా ఉంది. అలాంటి దారి మీద మాట్లాడుకోవడానికి కూడా ఏమీ ఉండదు. రెండు పక్కలా బూడిదరంగు రాతి నేల, అక్కడక్కడ ముళ్ళ పొదలు. ఒకచోట కరక్ చాయ్ తాగాం. కారు దిగక్కర్లేదు, హారన్ కొడితే కిటికీ దగ్గరికే తెచ్చిస్తారు. పాలు మరిగి మరిగి మన బాసుందిలా ఉంది. మన డబ్బులో లెక్కేస్తే ఆటోనగర్‌లో రెండు టీలు వస్తాయి, కానీ ఆ ఒక్క చాయ్‌కే నాకు కాస్త ప్రాణం లేచొచ్చింది.

రువైస్‌కి కాస్త ఇవతల, ఎడారిలో, ట్రాక్ కనబడింది. ఇసుక అయితే గట్టిపడదు కాబట్టి ఎక్కడి నుంచో జిగురు మట్టి తోలుకొచ్చి పోశారు. నీళ్ళ ట్యాంకరు ఒకటి దాని చుట్టూ నిదానంగా తిరుగుతోంది. దాన్ని నడుపుతున్నతను మా తెలుగు విని బండి ఆపి దిగాడు. మల్లేశం, జగిత్యాల దగ్గర పల్లె. ముందు సైట్లలో ఇటుకలు మోశాడట, ఇప్పుడు ట్యాంకరు డ్యూటీ.

"పొద్దటిసంది కొడుతున్న అక్కా, గాలికి ఆరిపోతనే ఉన్నది. మా అవ్వ ఫోన్ల అడుగుతది, దుబాయ్‌ల ఏం పని బిడ్డా అని. మట్టికి నీళ్లు కొడుతున్ననే అంటే నమ్ముతలేదు. ఇంటికాడ పొలానికి కొట్టరాదా అంటది."

చలపతిగారు వంగి చిటికెడు మట్టి తీసి వేళ్ళ మధ్య నలిపారు. లేచేటప్పుడు తూలి నా భుజం పట్టుకున్నారు.

అల్ రువైస్

ప్రార్థన అయ్యేదాకా పందెం లేదు. ఆ వ్యవధిలో బండ్ల తనిఖీ, డ్రైవర్లకి వైద్య పరీక్ష పెట్టారు. బండి నెగ్గింది. బెల్టుల మీద తేదీలు చూశారు, పంజరం గొట్టాలు కొలిచారు, తలదిండు నొక్కి చూశారు. ఆయన నెగ్గలేదు.

డాక్టరు మలయాళీ అమ్మాయి. లహరికంటే రెండు మూడేళ్ళు పెద్దదేమో. రక్తపోటు ఒకసారి చూసింది, రెండో చెయ్యి అడిగింది, కాసేపు పడుకోబెట్టి మూడోసారి చూసింది. తర్వాత నావైపు తిరిగి, "ఈయన కారు ఎక్కడానికి వీల్లేదు. మాత్ర ఇస్తున్నాను. గంటలో తగ్గకపోతే ఆసుపత్రికి పంపిస్తాను. తగ్గినా సాయంత్రం వెళ్ళి చూపించుకోవాల్సిందే," అంది.

ఆయన లేచి కూర్చున్నారు. "పది చుట్లు. పది నిమిషాలు కూడా పట్టదు. నడిపి వచ్చి పడుకుంటాను."

"లేదు సార్."

"నేను ఎక్కడికీ రాను సుజాతా. బండి బయల్దేరకపోతే మళ్ళీ పిలవరు. ఆసుపత్రి రేపు."

ఆ గొంతు నాకు తెలుసు. దాంతో వాదించి లాభం లేదని కూడా తెలుసు. వాదించే ఓపిక కూడా లేదు. మొహమంతా ఎర్రగా, మెడ దగ్గర నరం కొట్టుకుంటూ ఆయన అలా కూర్చుని ఉంటే, నాకు నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో తెలియదు.

"బండి నేను తీసుకెళ్తాను. బయల్దేరితే చాలు కదా? మీరు ఈ మంచం దిగకూడదు. నేను రాగానే ఆసుపత్రికి రావాలి. ఒప్పుకుంటేనే."

ఆయన నావంక చూశారు. వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని, "బరువు చాలదు," అన్నారు. ఒప్పుకున్నారని అర్థం.

నిజమే, ఆయనకీ నాకూ ఇరవై కిలోల పైనే తేడా. పందెం అధికారి రెండో పేరు సరిచూసుకుని, వెనక నుంచి బయల్దేరాలని గుర్తుచేసి, బరువు సంగతి మీరే చూసుకోండని వెళ్ళిపోయాడు. సీసపు దిమ్మలు మా దగ్గర లేవు. ఇతర జట్లని అడిగితే ఎవరిది వాళ్ళకి కావాలి. సంగతి విన్న మల్లేశం తన సామాను గుడారం వైపు వెళ్ళి, మందపాటి ఇనప పలక ఒకటి ఈడ్చుకొచ్చాడు. ట్యాంకరు జాకీ కింద మట్టిలో దిగబడకుండా వేసుకునే పలక.

"గిది సరిపోతదా అక్కా?"

రెడ్డెయ్య, నేను, మల్లేశం కలిసి దానికి రంధ్రాలు వేశాం. మొదటి రంధ్రం వంకరపోయింది, ఉన్న ఒక్క డ్రిల్లు బిట్టూ విరిగింది. ఇంకొక బిట్టు కోసం రెడ్డెయ్య జట్టు జట్టుకీ పరిగెత్తాడు. కుడిపక్కన బిగించబోతుంటే వైద్యపు గది తలుపులోంచి ఆయన అరిచారు.

"ఎడమ పక్క! కిందకి, ఎంత కిందకైతే అంత!"

డాక్టరమ్మ తలుపు మూసేసింది. తెల్లరంగు లేదు. మొదలు గీత వెయ్యడానికి తెచ్చిన డబ్బాలో అడుగున మిగిలినదాన్ని మల్లేశం కుంచెతో గీకి పలకకి పూశాడు. ఆ రంగు ఆరకముందే నన్ను పిలిచారు. ఆయన మంట తగలని సూటు నాకు చేతులు, కాళ్ళు మడిస్తే గానీ సరిపోలేదు.

మట్టి మీద

మైకులో ఏదేదో చెప్పి, చివర "ఉమ్ లహరి" అన్నారు. నేనేనని అర్థమవడానికి ఒక క్షణం పట్టింది.

బండ్లు ఎనిమిది. నేను చివర. చెవిలో చిన్న రేడియో పెట్టారు. అందులో అధికారుల మాట తప్ప ఇంకెవరిదీ రాదు, జట్టువాళ్ళు మాట్లాడకూడదని రూలు. మా ఊళ్ళో మట్టి గట్టిపరిచేటప్పుడు ఆయన గట్టు మీద నుంచి చేతులూపుతూ ఏదో ఒకటి అంటూనే ఉండేవారు. ఇక్కడ "గ్రీన్, గ్రీన్" అన్న ముక్క వినబడింది, అంతే.

మొదటి మలుపులోనే ముందు ఏడు బండ్లు చిమ్మిన తడిమట్టి వచ్చి అద్దం మీద పడింది. ఏమీ కనబడలేదు. హెల్మెట్ అద్దం మీద పలచటి పొరలుంటాయి, మట్టి పడగానే ఒకటి లాగేసుకోవాలి. అది గుర్తొచ్చి లాగేసరికి కంగారులో రెండు మూడు కలిసి వచ్చేశాయి. మిగిలినవాటితో పొదుపుగా పోవాలి. భుజాలు అప్పటికే నొప్పి. నేను గెలవాలని రాలేదు, ఎవరికీ అడ్డం పడకుండా పది చుట్లు తిరిగి రావాలి, అదే అనుకుంటూ లోపలి అంచునే పట్టుకుని పోయాను.

నాలుగో చుట్టులో నా ముందు రెండు బండ్లు తగులుకున్నాయి. ఒకటి గాల్లోకి లేచి పక్కకి పడి, ఇంకోసారి దొర్లి, చక్రాలు పైకి పెట్టి ఆగింది. రెండోది దారికడ్డంగా నిలిచింది. దుమ్ము గోడలా లేచింది. బ్రేకు గట్టిగా తొక్కితే నేనే తిరిగిపోతాను. కాలు తీసేసి, స్టీరింగు కాస్త లోపలి అంచు వైపు తిప్పి, దేవుడా అనుకుంటూ దుమ్ములోకి పోయాను. పక్కనుంచి ఏదో ఎర్రగా జారిపోయింది. చెవిలో "రెడ్, రెడ్" అన్నారు. ఉన్నచోటే ఆగిపోయాను.

దొర్లిన బండిలోంచి కుర్రాడు తనంతట తానే బెల్టు విప్పుకుని బయటికొచ్చి చెయ్యి ఊపాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. చేతులు స్టీరింగుకి అతుక్కుపోయాయి.

మళ్ళీ వరసలో పెట్టి మళ్ళీ వదిలారు. మిగిలిన చుట్లు నాకు విడివిడిగా గుర్తులేవు. చివర్లో ఒకడి ఇంజను చచ్చి పక్కకి తప్పుకున్నాడు. గళ్ళ జెండా చూశాను. అయిదోదాన్నట. ఆ పందెంలో అయిదో స్థానమంటే ఆఖరిదే, మిగతా ముగ్గురూ దారిలో ఆగిపోయినవాళ్ళు.

బండి నేరుగా కాటా మీదికి తీసుకెళ్ళాను. ఎవరూ ముట్టుకోలేదు. అంకెలు కాసేపు అటూ ఇటూ ఆడి నిలిచాయి. అధికారి పుస్తకం చూసి, నన్ను చూసి, బండి మీద గడ్డకట్టిన మట్టిని చూసి, "ఈ మట్టికి మీరు కృతజ్ఞత చెప్పుకోవాలి," అన్నాడు. బొటాబొటీగా నెగ్గాం. బెల్టు విప్పుకోవడం నాకు చేతకాలేదు, రెడ్డెయ్యా మల్లేశం చెరో చెయ్యి పట్టి పైకి లాగారు. దిగగానే ఒక పక్కకి వెళ్ళి వాంతి చేసుకున్నాను.

ఇది పూర్తిచేసినవాళ్ళు మర్నాడు పెద్ద పందెంలో కూడా బయల్దేరవచ్చన్నారు. వద్దన్నాను.

మళ్ళీ దోహా

మాట ప్రకారం ఆయన ఆసుపత్రికి వచ్చారు. ఆ రాత్రికి ఉంచుకున్నారు. మర్నాడు మందులు మార్చి, ఇంటికెళ్ళాక గుండె కూడా చూపించుకోమని పంపించారు. అదే రోజు నా పెట్టె దొరికిందని ఫోను వచ్చింది. కొత్తగా ఇస్త్రీ చేసిన చీరలన్నీ ఎలా వెళ్ళాయో అలాగే ఉన్నాయి.

విమానాశ్రయానికి రెడ్డెయ్యే దింపాడు. ఆయన కిటికీలోంచి చూస్తూ చూస్తూ, ఉన్నట్టుండి చెప్పారు.

"మల్లేశం కంచె దగ్గర నిలబడి ఫోన్లో నాకు చెబుతూ ఉన్నాడు. 'అన్నా, అక్క రెండో మూల తిరిగింది, అన్నా, అక్క మంచిగనే పోతున్నది' అని. నాలుగో చుట్టులో 'అన్నా, ఒకటి బోర్లపడ్డది' అని ఆగిపోయాడు. ఎవరిదిరా అంటే పలకడు. దుమ్ములో వాడికీ కనబడలేదట."

"ఎంతసేపు?"

"ఏమో. లేవబోతే ఆ డాక్టరమ్మ నా ఛాతీ మీద చెయ్యి వేసి పట్టుకుంది."

రెడ్డెయ్య కారులో పెట్టిన పాటలు ఆపేశాడు.

"గట్టు మీద నిలబడి నన్ను చూసిన ఇన్నేళ్ళూ నీకు ఇలాగే ఉండేదా?" అన్నారు ఆయన.

"ఉండేది."

"ఎప్పుడూ చెప్పలేదే."

"చెబితే మానేసేవారా?"

నిజంగానే ఆలోచిస్తున్నారని మొహం చూస్తే తెలిసింది.

"లేదు," అన్నారు. "మానేసేవాణ్ణి కాదు."

విమానాశ్రయం దీపాలు కనబడుతున్నాయి. ఆయన నా చెయ్యి తీసుకుని, స్టీరింగు పట్టి పట్టి బొబ్బలెక్కిన అరచెయ్యి తిప్పి చూశారు.

"కంటైనర్ దిగాక బండి నువ్వే తీసుకో. గట్టు మీద నేను నిలబడతాను."

"నాకు ఓపిక లేదండీ," అన్నాను.

"నాకూ లేదు," అన్నారు.